బెదురు పిల్లిని మచ్చిక చేయుట

తెలుగు నాట పిల్లి తిరుగని వీధి లేదు. కాని ఇది మా పిల్లి అని చెప్పుకొను ఇండ్లు కొద్ది. వంటింటి గడపదాక వచ్చి, పెట్టినది తిని, చేయి చాచగానే పిట్టగోడ దూకిపోవు పిల్లులే హెచ్చు. ఇవి పూర్తిగా అడవి జంతువులు కావు, ఇంటి జంతువులును కావు. మనిషిని ఎరుగును గాని నమ్మవు. ఇట్టి పిల్లిని ఇంటికి తెచ్చుకొని మచ్చిక చేయుట ఎట్లు, దానికెంత కాలము పట్టును, అసలు ఆ ప్రయత్నము ఎప్పుడు చేయదగును అను విషయములను గూర్చి మాకు కలిగిన అనుభవమును, పశువైద్యుల వలన తెలిసికొన్న సంగతులను శ్రోతలకు మనవి చేయుదుము.

పిల్లి మనిషిని ఆశ్రయించిన కథ చాల పాతది. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 సంవత్సరముల నాటి ఒక సమాధిలో మనిషి చెంతనే ఒక పిల్లినికూడ పూడ్చియుండిరని 2004లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ధాన్యమున్నచోటికి ఎలుకలు, ఎలుకలున్నచోటికి పిల్లులు వచ్చినవి. అయినను కుక్కను తన పనులకు తగినట్లు మలచుకొన్నంతగా మనిషి పిల్లిని మలచలేదు. అందుచేత ఏ పిల్లికి ఆ పిల్లి, పుట్టిన తరువాత, మనిషిని క్రొత్తగా నేర్చుకొనవలసియున్నది. ఈ నేర్పునకు ప్రకృతి ఇచ్చిన గడువు మిక్కిలి స్వల్పము. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమునందు ఐలీన్ కార్ష్ అను శాస్త్రవేత్త 1980వ దశకములో ప్రకటించిన పరిశీలనలనుబట్టి, పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారముదాక మనుష్యుల చేతులలో మెలగిన కూనలు పెద్దవైన పిమ్మట గూడ మనిషి యొద్దకు జంకక వచ్చును.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలందురు. వేదాంతులు చెప్పు మార్జాలకిశోర న్యాయము కూడ, తల్లి కూనను నోట కరచుకొని పోవు ఈ వైనమునుబట్టి పుట్టినదే. ఆ ఏడిండ్లలో ఏ ఇంటనైనను ఎవరో ఒకరు దినమునకు కొంతసేపు ఆ కూనలను చేతిలోనికి తీసికొనిరా, సగము పని తీరినట్లే. అట్లుగాక ఆ కొద్ది వారములు అటకమీదనో గడ్డివాములోనో గడచిపోయినచో, పిమ్మట చేయు ప్రయత్నమంతయు ఎదురీతయే. అందులోను చిన్ననాట ఒకమారు దెబ్బ తిన్నదైనచో చెప్పనక్కరలేదు. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఎరుగనివారుండరు. కాగిన పాలు త్రాగి మూతి కాల్చుకొన్న ఆ పిల్లి, పాలగిన్నె కంటబడినంతనే పరుగిడెను. కథ హాస్యమునకు చెప్పినదైనను, అందలి విషయము పశువైద్యులు నేడు చెప్పునదే. భయము ఒక్క దినములో నేర్చుకొనును; నమ్మకము నేర్చుటకు నెలలు పట్టును.

మా ఇంటికి వచ్చినది ఒక బియ్యపు మిల్లు గిడ్డంగిలో పుట్టి పెరిగిన ఆడుపిల్లి. బూడిదవన్నె, కుడిచెవి కొస చీలియుండెను. వయస్సు పది నెలలుండునని వైద్యుని అంచనా. మిల్లు మూతబడినది. మధ్యాహ్న భోజనవేళ చేపముక్క విసరు హమాలీలు వెళ్ళిపోయిరి. బస్తాలు పోగా ఎలుకలును పోయినవి. తక్కిన పిల్లులు నలుదిక్కుల చెదరిపోగా, ఇది మాత్రము తూము క్రింద దాగికొని, వీధికుక్కలు కాచియుండగా వెలుపలికి రాలేక కృశించుచుండెను. గోడలు పడగొట్టుటకు ముహూర్తము దగ్గరపడినది. దానిని అచ్చటనే విడిచినచో వారము దినములు బ్రతుకునని ఎవ్వరును అనలేదు.

ఇచ్చట ఒక మాట. వీధిలో తిరుగు ప్రతి పిల్లినీ పట్టి ఇంటిలో పెట్టుట దయ కాదని మా అభిప్రాయము. తిండి, నీడ దొరకుచు, మనిషినుండి పూర్తిగా దూరముగా పెరిగిన పెద్ద పిల్లికి ఇల్లు చెరసాలయే యగును. అట్టిదానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా చేయించి, మరల దాని చోటనే విడిచి, కొంత ఆహారము పెట్టుచుండుట మేలు. మరియొక సంగతి: చెరకుతోటలలో దొరకు చారల కూనలు అన్నియు ఇంటి పిల్లులు కావు. అవి అడవిపిల్లి పిల్లలు కావచ్చును. వాటిని పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. తల్లి దగ్గరలోనే యుండును గనుక, వాటిని ముట్టక అటవీశాఖవారికి తెలుపవలెను. మా మిల్లు పిల్లి ఈ రెండు తెగలకును చెందినది కాదు. హమాలీలలో ఒక ముదుసలి పిలిచినచో మూడు బారల దూరమునకు వచ్చి కూర్చుండెడిది. ఆ మూడు బారలే మాకు ఆశ కలిగించినవి.

పట్టుటకు చేతులు పనికిరావు. లోపల చేప పెట్టిన బోను ఉంచితిమి. పడిన వెంటనే పైన దుప్పటి కప్పితిమి. చీకటి కమ్మినంతనే పిల్లి కొంత శాంతించును. అటునుండి అటే పశువైద్యునియొద్దకు తీసికొనిపోయి, ఒక్క మత్తుమందులోనే పరీక్షయు, శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు చేయించితిమి.

ఇంటికడ చిక్కు వేరు. మా తల్లిగారు శాకాహారులు. "మన ఇంట్లో నీచు ఏమిటిరా? పిల్లికి పెరుగన్నం చాలదా?" అనిరి. తరతరములుగా మన లోగిళ్ళలో పిల్లికి వేయునది పెరుగన్నమే, నిజమే. కాని ఆ పిల్లులు తక్కిన భోజనమును ఎలుకల రూపమున, తొండల రూపమున తామే సంపాదించుకొనెడివి. తలుపు మూసి పెంచు పిల్లికి ఆ మార్గము లేదు. పిల్లి శుద్ధ మాంసాహారి. టారీన్ అను పదార్థమును తన శరీరములో చాలినంత తయారు చేసికొనలేదు. అది మాంసమునందు, చేపలయందు కలదు గాని అన్నము పప్పులయందు లేదు. అది లోపించినచో చూపు చెడును. గుండె కండరము క్షీణించుటకు కూడ ఆ లోపము కారణమగునని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు నిరూపించిరి. ఈ సంగతి వినిన పిమ్మట మా తల్లిగారు ఒక ఒప్పందమునకు వచ్చిరి. పిల్లికొరకు తయారుచేసి పొట్లములలో అమ్ము ఆహారము మాత్రమే తేవలెను; దాని పళ్ళెము వంటింటి గడప దాటరాదు. పచ్చిపాలు వలదని వైద్యుడే చెప్పెను. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగవు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర విషతుల్యము. జ్వరమని పారాసిటమాల్ బిళ్ళలో చిన్న ముక్క వేసినను ప్రాణము పోవచ్చును.

దానికి పాత సామానుల గదిని ఖాళీచేసి యిచ్చితిమి. గది చిన్నదగుటయే మంచిది. పెద్ద ఇంటిలో విడిచినచో ఏ బీరువా వెనుకనో, అటకమీదనో దాగి వారములు కనబడదు. కిటికీకి జాలి బిగించి, ఒక మూల ఇసుక తట్ట, దానికి దూరముగా నీరు, ఆహారము, మరియొక మూల రెండు వాకిళ్ళు కోసిన అట్టపెట్టె పెట్టితిమి. దాగుచోటు ఉన్నచో ఎన్నటికిని వెలుపలికి రాదేమో యని మాలో కొందరికి సందేహము కలిగెను. నెదర్లాండ్స్ దేశమునందు 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో, శరణాలయమునకు క్రొత్తగా వచ్చిన పిల్లులలో పెట్టె దొరకినవి, దొరకనివాటికంటె త్వరగా కుదుటపడినట్లు తేలినది. దాగుటకు చోటుండుటచేతనే వెలుపలికి వచ్చు ధైర్యము కలుగును.

మొదటి రాత్రి అది కాలు కాలిన పిల్లి యనుమాటకు అర్థము తెలిసినది. తెల్లవారుదాక గోడలెక్కి, జాలి గీకి, అరచుచునే యుండెను. పగలు పెట్టెలో రాయివలె పడియుండెను. పళ్ళెము ముట్టలేదు. పిల్లి రెండు మూడు దినములు ఏమియు తినకున్నచో కాలేయమునకు క్రొవ్వు పట్టి ప్రాణాపాయము కలుగవచ్చునని వైద్యుడు హెచ్చరించియుండెను. రెండవ రాత్రి ఇంటిల్లిపాదికిని నిద్రలేదు. ఉదయము గిన్నె నాకినట్లు ఖాళీయై యుండుట చూచి ఎంత తేలికపడితిమో చెప్పజాలము.

అటుపైన పనియంతయు ఓర్పుతో కూర్చుండుటయే. దినమునకు మూడుమారులు, నియమిత వేళలకు, పళ్ళెము తీసికొని వెళ్ళి, నేలమీద, దానికి ప్రక్కవాటుగా, కదలక కూర్చుండెడివారము. నిలుచున్న మనిషి పిల్లికి పర్వతమంత. తిన్నగా కన్నులలోనికి చూచుట దాని భాషలో కయ్యమునకు కాలు దువ్వుట. వార్తాపత్రికను మెల్లగా పైకి చదివెడివారము. మనుష్యకంఠమునకు అలవాటుపడుటకు రేడియోను చాల తక్కువ ధ్వనిలో పెట్టెడివారము. పిల్లి చెవి మన చెవికంటె ఎంతో సూక్ష్మమైనది. మనకు గుసగుసయైనది దానికి చాలును. బుస్సుమన్నచో అది కోపము కాదు, భయము. అప్పుడు వెనుకకు తగ్గవలెనేగాని గద్దింపరాదు. కొట్టినచో అంతవరకు చేసినది నీటిపాలు.

కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లిని మనము కపటమునకు గుర్తుగా చెప్పుకొందుము. కాని కన్ను మూయుట పిల్లులలో స్నేహచిహ్నము. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిన పరిశీలనలో, మనిషి మెల్లగా రెప్పలు వాల్చి తెరచినచో పిల్లి కూడ అట్లే చేయుననియు, అట్లు చేసిన అపరిచితుని చేతియొద్దకు సైతము ఎక్కువగా వచ్చుననియు తెలిసినది. మేమును ఆ విధముగా రెప్పలు వాల్చుచుంటిమి. పదునాల్గవ దినమున అదియు వాల్చెను. చూచువారికి మేము పిచ్చివారమువలె కనబడియుందుము.

ఇంతలో ఒక ప్రమాదము జరిగినది. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, ఎనిమిదేండ్లవాడు, ఎవ్వరును లేనివేళ గడియతీసి పెట్టెలో చేయి పెట్టెను. ముంజేతిపై గీరి రక్తము చిమ్మెను. ఇట్టి సమయమున పసుపు, కాఫీపొడి అద్దుట మన ఇండ్లలో అలవాటు. అది కూడదు. ధారగా పడు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోతిమి. పిల్లికి టీకా వేసి మూడువారములు నిండలేదు; అంతకు ముందు అది ఎచ్చట ఏ జంతువుచేత కరువబడినదో ఎవరికి తెలియును? రక్తము వచ్చిన గాయమగుటచే గాయము చుట్టు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించి, ఆ దినము మొదలు 3, 7, 28 దినములలో చర్మములోనికి టీకా లిచ్చిరి. రేబిస్ లక్షణములు పొడసూపిన పిదప బ్రతుకుట దాదాపు అసంభవము గనుక, ఇందులో 'చూతములే' అను మాటకు తావు లేదు. పిల్లవాడు క్షేమముగా నున్నాడు. కాని ఆ సాయంకాలము పిల్లిని పంపివేయుదుమా యని ఇంటిలో తర్కము జరిగినది. ఎటు పంపుదుము? గిడ్డంగి అప్పటికి నేలమట్టమైనది. గదికి తాళము వేయించి కొనసాగించితిమి.

చిత్రమేమనగా, అది మొదట దగ్గర చేరినది మాలో ఎవరియొద్దకును కాదు. మా తల్లిగారు మధ్యాహ్నము ఆ గదిలో చల్లగా నుండునని కూర్చుండి దీపారాధనకు వత్తులు చేసికొనెడివారు. పిల్లి వంక చూచువారే కారు. అయిదవ వారమున ఒకనాడు అది వచ్చి వారి చీరచెంగు వాసన చూచి, దూది ఉండను కాలితో తట్టెను. మేము ఉత్సాహముతో ముందుకు వంగగా, "దాన్ని చూడకండిరా, అదే వస్తుంది" అని మందలించిరి. ఆ మరునాటినుండి వారి పాత నేతచీర ముక్కను దాని పడకలో పరచితిమి. వాసనయే పిల్లికి పరిచయపత్రము.

తరువాత పొడుగైన కొయ్యగరిటె కొసను మెత్తని ఆహారము పెట్టి అందించితిమి. క్రమముగా గరిటె పట్టు చేతిని దగ్గరకు జరిపితిమి. మొదటి స్పర్శ చెంపపై, ఒక్క వ్రేలితో, రెండు క్షణములు మాత్రమే. పొట్ట, తోక ముట్టరాదు. చెవులు వెనుకకు వాలినను, తోక కొరడావలె ఆడినను చేయి తీసివేయవలెను. మూడవ నెలలో గది తలుపు ఓరగా విడిచితిమి. ఇల్లంతయు తిరుగుట రాత్రివేళ మొదలుపెట్టి, పిమ్మట పగలును తిరుగసాగెను.

ఇప్పటికి ఎనిమిది నెలలైనది. చెంప నిమురనిచ్చును, ఒడిలోనికి రాదు, ఎత్తుకొనబోయినచో పారిపోవును. అతిథులు వచ్చినచో పెట్టెలో దూరును. ఇంతకు మించి రాకపోవచ్చును, దానికి మేము చింతించుట లేదు. వైద్యునియొద్దకు తీసికొనిపోవు బుట్టను మాత్రము మొదటినుండియు మూత తెరచి గదిలోనే యుంచితిమి. ఈ మధ్య మధ్యాహ్నపు నిద్ర అందులోనే పోవుచున్నది. వచ్చు శ్రావణములో రెండవ టీకాకు దుప్పటి, బోను లేకుండ ఆ బుట్టలోనే తీసికొనిపోవచ్చునని తలచుచున్నాము.