బిళ్ళగన్నేరు - క్యాన్సరు మందు



బిళ్ళగన్నేరు మొక్క మీకందరికీ తెలుసు. గోడ పక్కన, బావి గట్టున పెరుగుతుంది. గులాబి రంగు పూలు, తెల్ల పూలు పూస్తుంది. ఆకు చేదు. దీని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి.

జమైకా అనే మరో దీవిలో జనం షుగరు జబ్బుకు ఈ ఆకు కషాయం తాగేవారు. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడా దేశానికి చేరాయి. రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద పరీక్ష చేశాడు. నోటి ద్వారా ఇస్తే షుగరు తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు రోగాలు సోకి చచ్చిపోయాయి. ఎందుకు? వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి.

తెల్లకణాలు ఒంటికి కాపలావాళ్లు. రోగాలతో పోరాడేవి అవే. రక్త క్యాన్సరులో ఈ కణాలే చెడిపోయి, అదుపు లేకుండా పెరుగుతాయి. అంటే వాటిని తగ్గించే పదార్థం ఈ ఆకులో ఉందన్న మాట! నోబుల్, చార్లెస్ బీర్ కలిసి దాన్ని వేరుచేశారు. 1958లో లోకానికి చెప్పారు. తర్వాత ఇదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ అనే మందు కూడా వచ్చింది.

ఈ మందు ఎలా పనిచేస్తుంది? ఒక కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు ఏర్పడతాయి. మందు ఆ దారాలను ఏర్పడనివ్వదు. కణం చీలలేక చస్తుంది. పిల్లల రక్త క్యాన్సరుకు ఇతర మందులతో కలిపి దీన్ని ఇస్తారు. ఒకప్పుడు ఆ జబ్బు వస్తే బిడ్డ మీద ఆశ వదులుకునేవారు. ఇప్పుడు మంచి వైద్యం అందితే చాలామంది పిల్లలు బతుకుతున్నారు.

మరి ఇంట్లో ఆకు నూరి తాగితే సరిపోదా? సరిపోదు. ప్రమాదం కూడా. ఒక గ్రాము మందు తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఆకులో వేరే విషాలూ ఉన్నాయి. మందు మంచి కణాలనూ చంపుతుంది. నరాలను దెబ్బతీస్తుంది. అందుకే డాక్టర్లు రక్తపరీక్ష చేసి, కొలత ప్రకారం నరానికి ఎక్కిస్తారు.

రొమ్ములో గడ్డ తగిలినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, నోటిలో పుండు మూడు వారాలైనా మానకపోయినా పసరు మందుతో కాలం గడపకండి. సిగ్గుపడకండి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. క్యాన్సరు ముందే దొరికితే నయమయ్యే అవకాశం ఎక్కువ.

పెరట్లో బిళ్ళగన్నేరును పెంచండి, పూలు కోసుకోండి. వైద్యం మాత్రం డాక్టరు దగ్గరే!