వెయిట్ మెషీన్‌లో నంబర్ మారలేదు, మరి పొట్ట ఎలా తగ్గింది?

గత ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, ముందు పొట్ట తగ్గించాలా, కండ పెంచాలా? బల్కా, కట్టా?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

అసలు ఈ ప్రశ్న ఎవరు అడుగుతున్నారో చూడండి. చేతులు సన్నగా ఉంటాయి, భుజాలు పెద్దగా ఉండవు. లూజ్ టీషర్ట్‌లో బానే ఉంటాడు, ఇన్‌షర్ట్ చేస్తే పొట్ట బయటపడుతుంది. బరువు 68, 70 కేజీలు. ఊరెళ్తే అమ్మ "చిక్కిపోయావురా" అంటుంది. ఆఫీసులో ఫ్రెండ్ "ఏంట్రా, పొట్ట వచ్చింది" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే! మాదాపూర్‌లో ఏ ఆఫీసు లిఫ్ట్ ఎక్కినా ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు.

2004లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో ఒక ఫొటో వచ్చింది. పుణె కేఈఎం హాస్పిటల్ డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ! ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లీషులో 'వై'తో మొదలవుతాయి కాబట్టి దానికి 'వై-వై పారడాక్స్' అని పేరు పెట్టారు.

ఇది ఫొటోలో ఎలా కనిపిస్తామన్న గొడవ మాత్రమే కాదండీ. నా ఫ్రెండ్ ఒకడున్నాడు. 29 ఏళ్లు, 69 కేజీలు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ-డయాబెటిస్ అంటారు. వాళ్ల నాన్నకి నలభై దాటగానే షుగర్ వచ్చింది. వీడేమో రిపోర్ట్ పట్టుకుని "నేను లావు లేను కదరా" అంటాడు. లావు లేడు, నిజమే. కానీ మనం తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా తీసుకోవాల్సింది కండ. వీడి దగ్గర ఆ కండే తక్కువ.

ఇలాంటివాళ్లకి నా సమాధానం: బల్క్ వద్దు, కట్ వద్దు. రెండు పనులూ ఒకేసారి చేయొచ్చు. దీన్నే బాడీ రీకంపోజిషన్ అంటారు. "తక్కువ తింటూ కండ ఎలా పెరుగుతుంది?" అని డౌట్ వస్తుంది. ఇల్లు కట్టడం అనుకోండి. ఇటుకలు ప్రోటీన్. మేస్త్రీకి పని చెప్పేది మీరు ఎత్తే బరువు. కూలీ డబ్బులు పొట్టలో దాచిన కొవ్వులోంచి ఇవ్వొచ్చు, నిల్వ అక్కడ బోలెడుంది. కానీ కొవ్వు ఎంత ఉన్నా ఇటుకలుగా మారదు, అవి రోజూ బయటి నుంచే రావాలి.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక స్టడీ వేశారు. అధిక బరువున్న 40 మంది కుర్రాళ్లకి నాలుగు వారాలు క్యాలరీలు 40 శాతం తగ్గించి, వారానికి ఆరు రోజులు గట్టిగా ట్రైనింగ్ ఇచ్చారు. కేజీ బరువుకి 2.4 గ్రాముల ప్రోటీన్ తిన్నవాళ్లకి 4.8 కేజీల కొవ్వు పోయింది, 1.2 కేజీల లీన్ మాస్ పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్లకి 3.5 కేజీల కొవ్వు పోయింది, లీన్ మాస్ పెద్దగా మారలేదు. దయచేసి ఆ 40 శాతం మాత్రం ఇంట్లో ట్రై చేయకండి. ఉద్యోగం చేసుకుంటూ అలా తింటే రెండో వారానికే బిర్యానీ ఆర్డర్ పెడతారు. రోజుకి ఒక 300 క్యాలరీలు తగ్గించండి, చాలు.

ఆ 300 ఎక్కడ దొరుకుతాయి? వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 క్యాలరీలు. మనం ఒక పూటకి 300 గ్రాములు అవలీలగా లాగించేస్తాం. అన్నం మానేయమని నేను చెప్పను. మానేసినవాళ్లు ఎన్నాళ్లుంటారో నాకు తెలుసు. ఒక పూట సగం చేయండి. కూరలో ఒక పెద్ద స్పూన్ నూనె తగ్గితే 120. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల పంచదార అంటే, అదొక 130.

ఇక ఇటుకలు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ లెక్క ప్రకారం మామూలు మనిషికి కేజీకి 0.83 గ్రాములు. వెయిట్స్ ఎత్తేవాళ్లు 1.6 దగ్గర పెట్టుకోండి. 70 కేజీలకి 112 గ్రాములు. "మేం రోజూ పప్పు తింటాం కదన్నా" అంటారు. ఒక మనిషి వాటాకి కందిపప్పు 30 గ్రాములు పడుతుందేమో, అంటే ఆరేడు గ్రాముల ప్రోటీన్. ఇడ్లీ, పప్పన్నం, పెరుగు అన్నీ కలిపినా 50 దాటడం కష్టం. మిగతా 60 కావాలని పెట్టుకుంటేనే వస్తుంది. నాలుగు గుడ్లు 24, పచ్చి చికెన్ 150 గ్రాములు తూచి వండితే 33 దాకా. నాన్‌వెజ్ తినకపోతే మీల్‌మేకర్ 50 గ్రాములకి 26, పనీర్ 100 గ్రాములకి 18, ఒక స్కూప్ వే ప్రోటీన్‌కి 24. కార్తీకమాసం రాగానే జిమ్‌లో సగం మంది డైట్ గాలికి పోతుంది, ఆ నెలంతా మీల్‌మేకరే దిక్కు. పల్లీలు మాత్రం ఈ లిస్టులో వేయకండి. 100 గ్రాములకి ప్రోటీన్ 25 ఉన్నా, క్యాలరీలు 560. అవి ముందు నూనెగింజలు, తర్వాతే ప్రోటీన్! కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ప్రోటీన్ పెంచొద్దు.

ట్రైనింగ్ విషయానికొస్తే వారానికి మూడు రోజులు చాలు. స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్ లేదా పుషప్, రోయింగ్, షోల్డర్ ప్రెస్. ఒక్కోటి మూడు సెట్లు, ఎనిమిది రెప్స్‌తో మొదలుపెట్టండి. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజు రాసుకోండి. తర్వాతి సారి రెండున్నర కేజీలు పెంచి మళ్లీ ఎనిమిదికి రండి. వెర్షన్ కంట్రోల్ లేకుండా ఒక్క లైన్ కోడ్ రాయనివాళ్లు జిమ్‌లో మాత్రం పోయిన వారం ఎంత ఎత్తారో చెప్పలేరు! బరువు పెరగకపోతే మేస్త్రీకి పని లేనట్టే. క్రంచెస్‌తో పొట్ట కొవ్వు కరగదు, ఆ టైమ్ స్క్వాట్‌కి ఇవ్వండి.

"వెయిట్స్ ఎత్తితే మగరాయుళ్లలా అయిపోతామేమో" అని అడిగే అమ్మాయిలకి ఒక్క మాట. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ స్థాయికి రావడానికి ఏళ్ల తరబడి కష్టపడాలి. మీ ఐదు కేజీల డంబెల్‌తో ఏమీ అయిపోరు.

ఇప్పుడు అందరూ మధ్యలో వదిలేసే చోటు. రెండు నెలలైనా వెయిట్ మెషీన్ కదలదు. కొవ్వు పోయినంత కండ వస్తే నంబర్ ఎందుకు మారుతుంది? అందుకే టేపు కొనుక్కోండి. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున నడుము కొలవండి. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే రిస్క్ అంటారు. నడుము తగ్గుతూ స్క్వాట్ పెరుగుతుంటే పని జరుగుతోందని అర్థం. రెండూ ఆగిపోతే అప్పుడు నిద్ర, తిండి లెక్క చూసుకోండి.

నా ఫ్రెండ్ నాలుగు నెలలు ఇలాగే చేశాడు. బరువు 69 నుంచి 68. నడుము 94 నుంచి 88. హెచ్‌బీఏ1సీ 5.7, ఇంకా గీత మీదే ఉంది. డాక్టర్ మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్‌కి రమ్మన్నారు. సంక్రాంతికి ఊరెళ్తే వాళ్లమ్మ "ఇంకా చిక్కిపోయావురా" అందట.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏళ్ల నుంచి గట్టిగా వెయిట్స్ చేస్తున్నవాళ్లకి రెండూ ఒకేసారి ఇంత తేలిగ్గా రావు, వాళ్ల లెక్క వేరు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో పీజీ హాస్టల్ మెస్‌లో తింటూ 100 గ్రాముల ప్రోటీన్ ఎలా లాగాలో, రూపాయల లెక్కతో సహా చూద్దాం. ఉంటానండీ.