సరుకు ఎక్కడి నుంచి వస్తోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘మీ ఉద్యోగం గురించి చెప్పండి’ అన్నారు కార్యవర్గం వారు. ఇతరులు రాసిన ప్రోగ్రాములను లైనక్స్ మీద వాటంతట అవే పరీక్షించుకునేలా ఏర్పాట్లు చేయడం నా పని. అందులో ఒక్క ముక్క చెబుతాను. ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు కొంచెం శ్రద్ధగా వినండి.

ఎవరైనా ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చగానే సర్వరులో కొత్త లైనక్స్ కంటైనరు ఒకటి తయారవుతుంది. కావలసిన ప్యాకేజీలను రిపాజిటరీ నుంచి దించుకుని, పరీక్షలు నడిపి, ఫలితం చెప్పి చెరిగిపోతుంది. రిపాజిటరీ అంటే ప్యాకేజీల గోడౌన్. ఏ గోడౌన్‌కు వెళ్లాలో చెప్పేది ఒక చిన్న ఫైలు. డెబియన్‌లో అయితే చిరునామా, విడుదల పేరు, విభాగం, అంతే. చాలామంది దాన్ని ఎక్కడి నుంచో కాపీ చేసి, అతికించి, మరిచిపోతారు.

మన సైన్స్ ల్యాబులో సీసాలో ఏముందో తెలియకుండా లిట్మస్ ముంచితే, రంగు మారినా మారకపోయినా ఏం తెలుస్తుంది? ఇదీ అంతే.

డెబియన్ విడుదలలకు టాయ్ స్టోరీ సినిమాల్లోని బొమ్మల పేర్లు పెడతారు. 11 పేరు బుల్స్‌ఐ, 12 పేరు బుక్‌వార్మ్. ఫైలులో ఆ పేరుకు బదులు ‘స్టేబుల్’ అని రాసినా నడుస్తుంది. అయితే 2023 జూన్ 10న బుక్‌వార్మ్ విడుదలైంది. ముందురోజు దాకా స్టేబుల్ అంటే బుల్స్‌ఐ, ఆ తర్వాత బుక్‌వార్మ్. మన కోడులో అక్షరం మారలేదు, పరీక్ష మాత్రం వేరే సరుకు మీద జరుగుతోంది. ఫెయిలైతే తప్పు కోసం మన కోడంతా గాలిస్తాం.

సెంటోస్ 7 సంగతి ఇంకోరకం. 2024 జూన్ 30తో దాని కాలం తీరింది, మిర్రర్ల జాబితా ఇచ్చే చిరునామా పనిచేయడం మానేసింది. పాత ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే సర్వరులో భద్రంగానే ఉన్నాయి. చిరునామా మార్చుకోనివాళ్ల పరీక్షలు మొదటి అడుగులోనే ఆగిపోయాయి.

అందుకే సొంత మిర్రర్ పెట్టుకోవాలి, లేదా ఒక తేదీకి కట్టుబడాలి. డెబియన్ వాళ్ల స్నాప్‌షాట్ సర్వీసులో ఫలానా రోజున గోడౌన్ ఎలా ఉండేదో అలాగే అడిగి తెచ్చుకోవచ్చు. తేదీ చిరునామాలోనే రాస్తాం. ఇక్కడొక చిక్కుంది. కొన్ని రిపాజిటరీల సూచిక ఫైలుకు, మందు సీసాకు ఉన్నట్టే, గడువు తేదీ ఉంటుంది. పాతది అడిగితే ఏపీటీ ఒప్పుకోదు. అప్పుడు ఆ ఒక్క రిపాజిటరీకి, గడువు తనిఖీ ఒక్కటే తీసేయాలి. కానీ కుర్రాళ్లు ‘ట్రస్టెడ్’ దగ్గర ‘యెస్’ అని రాసేస్తారు. దాంతో డిజిటల్ సంతకం తనిఖీ పోతుంది. ఆ ప్యాకేజీ అసలువాళ్లు ఇచ్చిందేనని చెప్పేది ఆ సంతకమే.

అడిగితే ‘టెస్ట్ మెషీనే కదా సార్’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కస్టమరుకు వెళ్లే సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల ఆ మెషీన్‌లోనే తయారవుతుంది. పాస్‌వర్డులు, కీలు కూడా అక్కడే ఉంటాయి. ఒక కంపెనీలో సంతకం తనిఖీ తీసేసిన ఇలాంటి ఫైలే కాపీ అవుతూ కస్టమర్ల సర్వర్ల దాకా వెళ్లడం చూశాను. నెలల తరబడి ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అన్నీ నడుస్తూనే ఉన్నాయి.

తేదీకి కట్టుబడితే భద్రతా సవరణలు అందవు కదా అని మీరడగవచ్చు. నిజమే. అందుకే రోజువారీ పరీక్షలు కట్టిన తేదీ మీద నడుపుతాను, వారానికోసారి విడిగా తాజా రిపాజిటరీ మీద నడుపుతాను. అది పాసైతే తేదీని ముందుకు జరుపుతాను. ఎప్పుడూ తాజాదే వాడాలని వాదించే మిత్రులు నాకున్నారు. వాళ్లకు పెద్ద టీములున్నాయి, ఏ రోజు విరిగింది ఆ రోజే సరిచేసుకోగలరు. నలుగురున్న చోట అది కుదరదు.

భోజనాల తర్వాత కంప్యూటర్ గదిలో ఉంటాను. ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉన్నవాళ్లు తీసుకురండి. ఆ ఫైలు తెరిచి, మీ సరుకు ఎక్కడి నుంచి వస్తోందో వరుస వరుసా కలిసి చదువుదాం.