మా అత్త నోటి మాట

(పోయిన నెల అత్త దినం నాడు మా ఊరి చింతచెట్టు కింద మాట్లాడిన మాటలు ఇవి. చదువులకీ పనులకీ బయట ఉండి రాలేకపోయిన పిల్లలు అడిగారు. అందుకే రాసి పెడుతున్నాను.)



అత్త గురించి మాట్లాడమంటే మధ్యలో ఏడుస్తావని మా ఇంటామె పొద్దున్నే హెచ్చరించింది. అందుకే కాయితం మీద రాసుకుని వచ్చాను. చదువుతూ ఆగిపోతే ఏమీ అనుకోకండి.

మీలో సగం మందికి ఆమె పేరు తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. మా నాన్నకి అక్క కాబట్టి నాకు మేనత్త. వరస కుదరని వాళ్ళు కూడా అత్తా అనే పిలిచారు. ఆఖరికి బస్సు కండక్టరు కూడా. భూమి పండుగ రోజుల్లో మన ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని డబ్బులడుగుతారు కదా, డెబ్బై దాటాక కూడా ఆ తాడు ఒక కొస ఆమె చేతిలోనే ఉండేది. బస్సు ఆపి, "నా బస్సు నేనే ఆపుకుంటా, నీకేం" అనేది. కండక్టరు నవ్వి పది రూపాయలు ఇచ్చేవాడు.

కాయితాల్లో మాత్రం ఆమె ముగ్గురు మనుషులు. రేషన్ కార్డులో పుట్టింటి పేరు, ఓటరు కార్డులో అత్తింటి పేరు, ఆధార్‌లో ఎవరి నోటికీ తిరగని ఇంకో పేరు. పుట్టిన తేదీ 1958 జనవరి 1. మన ముసలివాళ్ళు చాలామంది జనవరి ఒకటినే పుట్టారు, మీ ఇళ్ళల్లో కార్డులు తీసి చూడండి. అసలు లెక్క ఆమె దగ్గర వేరే ఉంది. 1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. శబరి ఎగదన్ని మన గుంపుల్లోకి నీళ్ళు వచ్చాయి. "మీ నాన్నని చంకనేసుకుని గుట్ట ఎక్కాను, దారంతా నా జుట్టు పీకుతూనే ఉన్నాడు" అని చెప్పేది. పసివాణ్ణి ఎత్తుకుని ఆ గుట్ట ఎక్కాలంటే ఏడెనిమిదేళ్ళన్నా ఉండాలి. అంటే 1945 ప్రాంతంలో పుట్టి ఉండాలి. ఆధార్ ప్రకారం ఆ వరద నాటికి ఆమె ఇంకా పుట్టనే లేదు. పుట్టని పిల్ల మా నాన్నని మోసిందన్నమాట. ఇది చెప్పి మేం చాలాసార్లు నవ్వుకున్నాం. కానీ పింఛను దగ్గర ఆ పదమూడేళ్ళు నవ్వులాట కాలేదు. వయసు చాల్లేదని తిప్పి పంపితే, నెరిసిన తలమీద కొంగు సర్దుకుని ఏమీ అనకుండా తిరిగొచ్చింది.

ఇంకో విచిత్రం చెప్తాను. ఆమె జీవితమంతా కదిలింది పుట్టిన గుంపు నుంచి అత్తింటి గుంపుకి, అర కిలోమీటరు. ఆమె కదలకపోయినా సర్కార్లు కదిలాయి. పుట్టినప్పుడు మనది మద్రాసు కింద తూర్పుగోదావరి జిల్లా. ఆ వరద వచ్చిన ఏడే అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం అయింది, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో మనల్ని ఖమ్మంలో కలిపారు. 2014లో మళ్ళీ తూర్పుగోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. "ఈసారి మనం ఎక్కడున్నాంరా అల్లుడా?" అని అడిగేది, బస్సులో నిద్రలేచినట్టు. ప్రతిసారీ కొత్త కాయితాలు, కొత్త ఆఫీసు, కొత్త దారి ఖర్చులు.

ఆమె మంత్రసాని. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో నలభై దాటిన చాలామందికి బొడ్డు కోసింది ఆమే. తన కడుపున పుట్టిన ఇద్దరూ జ్వరాలకి పోయారు, భర్త కూడా చిన్న వయసులోనే పోయాడు. దాని గురించి మాట్లాడేది కాదు, నేనూ మాట్లాడను. కానీ ఊళ్ళో ఎవరు ఎప్పుడు పుట్టారో ఆమెకి గుర్తు. ఫలానావాడు ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఫలానా పిల్ల తునికాకు కల్లం దగ్గర, ఫలానా కవలలు కొత్తల పండుగకి ముందు. నన్ను బడిలో వేసేటప్పుడు పంతులు పుట్టినరోజు అడిగితే, "జొన్న కంకి పాలు పోసుకున్నప్పుడు" అని చెప్పింది. పంతులు తల గోక్కుని జూన్ ఒకటి అని రాసుకున్నాడు. జూన్‌లో మన దగ్గర జొన్న ఇంకా విత్తనమే! అత్త చెప్పిందే సరి, బడి రాసిందే తప్పు. అయినా ఈరోజుకీ నా కాయితాలన్నింట్లో జూన్ ఒకటే చెల్లుతోంది.

అసలు నేను చెప్పాలనుకున్నది పోడు సంగతి.

2008లో అటవీ హక్కుల చట్టం కింద క్లెయిములు పెడుతున్నప్పుడు, ఫారాలు నింపే పని నాకు అప్పజెప్పారు. డిగ్రీ పూర్తికాకపోయినా రాయడం వచ్చు కదా. ఒకరోజు అత్త వచ్చి పక్కన కూర్చుని, "ఎవరి పోడు ఎవరు నరికారో నేను చెప్తా రాసుకో" అంది. నేనేమన్నానో తెలుసా? "అత్తా, నీ మాట ఎవరిక్కావాలి, వాళ్ళకి కాయితం కావాలి" అన్నాను. ఇంకేమీ అనకుండా లేచి వెళ్ళిపోయింది.

క్లెయిములు చాలావరకు వెనక్కొచ్చాయి. సాక్ష్యం చాలదన్నారు. అదీ నోటిమాటగానే, రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఒక మీటింగులో ఒక లాయరమ్మ నిబంధనల పుస్తకం తెరిచి పదమూడో నిబంధన చదివి వినిపించింది. సాక్ష్యాలుగా ఏమేం పెట్టొచ్చో అందులో ఉంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు సరే. ఇల్లు, గట్టు, చదును చేసిన నేల కూడా సాక్ష్యమే. పాత బావి, సమాధులు, దేవర చోటు సాక్ష్యమే. వంశవృక్షం సాక్ష్యమే. ఆ తర్వాత చదివింది వినగానే నా చెవులు కాలిపోయాయి: క్లెయిము పెట్టినవాళ్ళు కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాట, రాతలో పెడితే, సాక్ష్యమే. ఇలాంటివాటిలో ఒకటి కాకుండా ఎక్కువ పెట్టాలి, అంతే. 2012లో నిబంధనలు సవరించినప్పుడు ఫలానా కాయితమే తెమ్మని పట్టుబట్టకూడదని కూడా రాశారు. ఉపగ్రహం ఫోటో తోడుగా పనికొస్తుంది గానీ మిగతా సాక్ష్యాల స్థానంలో దాన్ని పెట్టకూడదు. తిరస్కరిస్తే రాసివ్వాలి, దానిమీద అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇవన్నీ మీరు ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చదువుకోగలరు. నేను అప్పట్లో చదవలేదు.

అత్త దగ్గరికి వెళ్ళి తప్పయిందన్నాను. "అయితే పద" అని కర్ర అందుకుంది.

రెండు రోజులు తిప్పింది. ఆ నడక ఎవరైనా నాతో వచ్చి చూసుంటే బాగుండేది. మనం ఉత్త రాళ్ళకుప్ప అనుకుంటున్నది ఎవరి తాత గట్టుకోసం ఏరినదో చెప్పింది. అమ్మవారు పోసి జనం పోయాక వదిలేసిన పాతూరు ఎక్కడుందో చూపించింది. తుప్పల్లోకి చెయ్యి పెట్టి రాతిబావి వరస బయటికి తీసింది. కరువు ఏడు ఏ మామిడి కింద టెంకలేరుకుని జావ కాచుకున్నారో, ఏ వాగులో చేదు దుంపలు రాత్రంతా నానేసుకున్నారో చెప్పింది. ఏ చెలక ఒక షావుకారు ఉప్పు, పొగాకు బాకీకింద పట్టుకుపోబోతే మా తాత అడ్డం పడ్డాడో కూడా చెప్పింది. నేను రాస్తూనే ఉన్నాను. ఒకచోట కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ, "ఇవన్నీ చెప్పమని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదురా" అంది.

ఆ మాటలు రాతలో పెట్టి వేలిముద్ర వేయించాం. డిపోలో బియ్యం మిషను ఆమె వేలిని ఎప్పుడూ గుర్తుపట్టేది కాదు. తునికాకు కోసీ కోసీ, విత్తనం గుచ్చీ గుచ్చీ ఆ వేళ్ళకి గీతలు మిగల్లేదు. కాయితం మీద సిరాతో మాత్రం చక్కగా పడింది. కొన్నింటికి పట్టాలొచ్చాయి. కొన్ని ఇంకా తిరుగుతున్నాయి.

ఆమె సొంత పోడు గొడవ బయటివాళ్ళతో కాదు, మనతోనే. ఇది చెప్పకుండా దాటేయడం నాకిష్టం లేదు. ముండమోసిన ఆడదానికి పట్టా ఎందుకు, మరిది కొడుకు పేరున పెట్టేద్దాం అని మన పెద్దమనుషులే అన్నారు. చట్టంలో పెళ్ళైనవాళ్ళకి భార్యాభర్తలిద్దరి పేరునా, ఒంటరివాళ్ళకి వాళ్ళ పేరునే ఇవ్వాలని ఉంది. గ్రామసభ కోరంలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. ఆ రోజు ఉన్నారు, అత్తే ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చింది. లేచి నిలబడి ఒకటే మాటంది: "గొడ్డలి పట్టింది నేను. వాడప్పుడు పాలు తాగుతున్నాడు." సభంతా నవ్వింది. ఆ అల్లుడు కూడా నవ్వాడు, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు, కోప్పడడు. ఆమె తరఫున వేరే పెద్దావిడ సాక్ష్యం చెప్పింది.

ఇక నా రెండో తప్పు. ఒక్కొక్కరి పోడు అయ్యాక ఊరందరి అడవి హక్కు మిగిలింది. వెదురు, ఇప్పచెట్లు, వాగులు, దేవర గట్టు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా మనది అన్నది. దానికి అత్త చెప్పిన సరిహద్దులు నోటుబుక్కులో రాసి ట్రంకుపెట్టెలో పెట్టాను. నకలు తీయలేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 దాటినప్పుడు మా నాన్న మమ్మల్ని ఏ గుట్టకి ఎక్కించాడో అదే గుట్టకి మేం మళ్ళీ ఎక్కాం. దిగొచ్చేసరికి పెట్టెలో బురద ముద్ద ఉంది.

టార్పాలిన్ కింద కూర్చుని ఆమె మళ్ళీ చెప్పడానికి చూసింది. కానీ అప్పటికే మతిమరుపు మొదలైంది. తూర్పు పక్క సరిగ్గా చెప్పింది. పడమర పక్క వాగు దాటాక ఒక నిలువురాయి, దాని తర్వాత ఏదో చెట్టు. ఆ చెట్టు పేరు రాలేదు. "ఉంది, అక్కడే ఉంది" అంటూ చెయ్యి చూపించింది. మూడు నాలుగుసార్లు అడిగాక ఏడ్చింది. నేను అడగడం మానేశాను.

పోలవరం నీళ్ళు మొదట 41.15 మీటర్లకి, పూర్తిగా నింపితే 45.72కి అంటున్నారు. ఆ రాయి, ఆ పాతూరు బావి ఏ లెక్కకి మునుగుతాయో మీరే చూసుకోండి. కాలనీలో ఇచ్చే ఇంటికి నంబరు ఉంటుంది. మనం ఎక్కడినుంచి వచ్చామో చెప్పడానికి చూపించే రాయి ఉండదు.

పై గుంపులో ఒక ముసలమ్మ ఉంది. అత్తకంటే రెండు మూడేళ్ళు చిన్న, ఇద్దరూ ఆ పడమర వాగుకి కలిసి దుంపలకి వెళ్ళేవాళ్ళు. ఆమెకి ఆ చెట్టు గుర్తుందట. నిన్న అడిగితే, నడవలేను, మంచంమీద మోసుకెళ్తే చూపిస్తా అంది. రేపు పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నాం. మంచం మోయడానికి నలుగురు కావాలి, మార్చుకోవడానికి ఇంకో నలుగురు. ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని రండి. ఆమె చెప్పేది వీడియో తీయాలి, ఒకరు రాయాలి, ఆ సాయంత్రమే రెండు నకళ్ళు రెండు ఊళ్ళకి పోవాలి. పెన్నూ పుస్తకం నేను తెస్తాను.