పలుకుబడి
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగులో ‘పలుకుబడి’ అనే మాటకు రెండర్థాలున్నాయి. మాట పలికే తీరు ఒకటి. సంఘంలో గల చెల్లుబాటు రెండవది. ఈ రెంటికీ ఉన్న సంబంధం ఎంతటిదో తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల తెలుగువారికి అనుభవైకవేద్యం.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇంటి భాష మారలేదు. దాని అంతస్తు మారింది. ఇక్కడి రైతుబిడ్డ, నేతగాని బిడ్డ ‘వచ్చినాడు’ అంటారు. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉంటుంది. మొదటిది మోటు, రెండవది నాగరికం అని లోకం తీర్పు. నిజానికి ‘వచ్చినాడు’ అన్నదే ప్రాచీన రూపం. ‘వచ్చాడు’ దాని కుదించిన రూపం. ప్రాచీనతే గౌరవానికి కొలమానమైతే ఆ గౌరవం ఈ బిడ్డలకే దక్కవలసింది. కాని అది కృష్ణా గోదావరి మండలాల విద్యావంతుల నుడికి దక్కింది. 19వ శతాబ్ది మధ్యలో నిర్మించిన ఆనకట్టల వల్ల అక్కడ సిరి పెరిగింది. ఆ వెనుక చదువులు, పత్రికలు, చలనచిత్రాలు వచ్చాయి.

గిడుగు రామమూర్తి (1863–1940) పోరాట ఫలంగా వాడుక భాషకు బడిలో చోటు దొరికింది. అయితే అది శిష్టుల వాడుకకే పరిమితమైంది.

ధ్వనికి స్వతఃసిద్ధమైన కులీనత లేదు. 1962లో విలియం లబావ్ న్యూయార్కు దుకాణాలలో పరిశీలించగా, పదాంతంలోని రకారాన్ని ఖరీదైన దుకాణపు ఉద్యోగులు ఎక్కువగా, చౌక దుకాణపు వారు తక్కువగా పలికారు. ఇంగ్లండులోనో, అదే రకారాన్ని విడిచి పలకడమే పెద్దరికపు గుర్తు!

ఇక్కడి మాటలో ఆంగ్లపదం కలిస్తే చదువుకున్నవాడంటారు. తమిళపదం కలిస్తే అరవయాస అని నవ్వుతారు. రెండూ ఎరువు సొమ్మే. ఆ నవ్వుకు బెదిరిన బిడ్డ తరగతిలో నోరు విప్పడు. పెద్దయ్యాక తన పిల్లలతో తెలుగు మాట్లాడడు. సరిహద్దు గీత చేయలేని నష్టం ఆ చిన్న నవ్వు చేస్తుంది.

కనుక ఉపాధ్యాయుని కర్తవ్యం స్పష్టం. పరీక్షకు, పత్రికకు, లోకవ్యవహారానికి ‘వచ్చాడు’ నేర్పవలసిందే. కాని అది ‘వచ్చినాడు’ పక్కన చేరే రెండో మాటగా చేరాలి. దానిని తుడిచివేసే దిద్దుబాటుగా కాదు. ఇంటి నుడికి బడిలో గౌరవం దక్కిననాడే తెలుగు బడికి ఊరిలో పలుకుబడి నిలుస్తుంది.