ముల్లు ఎక్కడ ఉంది?

ధ్యాన భాగములు: ఆదికాండము 4:1-8, ఎఫెసీయులకు 4:26-27

ఈ పూట ఒక పాత కారును ఆధారం చేసుకొని కోపమును గూర్చి దేవుని వాక్యము ధ్యానించుకుందాం.

మా నాన్నగారు మాకు విడిచిపెట్టి వెళ్ళిన వాటిలో ఒక అంబాసిడర్ కారు ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును నమూనాగా తీసుకొని మన దేశంలో తయారుచేసిన బండి అది. 2014లో దాని తయారీ ఆగిపోయింది. మాది 1489 సీసీ పెట్రోలు ఇంజన్. నాన్నగారు దానికి వేరుగా ఒక టెంపరేచర్ మీటరు బిగించుకున్నారు. "స్పీడు మీటరు చూడకపోయినా ఫరవాలేదురా, ఈ ముల్లు మాత్రం చూసుకో" అనేవారు.

ప్రియులారా, ఇంజన్ లోపల పెట్రోలు మండినప్పుడు ఆ మంట వేడి రెండువేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇటువంటి పాత ఇంజన్లలో ఆ వేడిలో సుమారు నాలుగో వంతు మాత్రమే బండిని నడిపిస్తుంది. మిగిలినది బయటికి పోవాలి. కొంత పొగతో పోతుంది, కొంత నీటి ద్వారా పోతుంది. నీళ్ళు ఇంజన్ చుట్టూ తిరిగి, వేడిని మోసుకొని రేడియేటరుకు వచ్చి, గాలికి చల్లబడి మళ్ళీ లోపలికి వెళ్తాయి. ఆ నీళ్ళు 80 నుండి 90 డిగ్రీల మధ్య ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఇందులో మనకు మొదటి పాఠం ఉంది. వేడి ఉండడం తప్పు కాదు. మన ఎండలకు భయపడి కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్ వాల్వు తీసి పారేస్తారు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది ఆ వాల్వే. మా బండికీ ఒకసారి అలాగే తీసేశారు. ఆ డిసెంబరు ఉదయాల్లో బండి నడుస్తుందే గాని ముల్లు లేవదు. అలా చల్లగా తిరిగే ఇంజన్‌లో పెట్రోలు సరిగా మండదు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది, అరుగుదల ఎక్కువవుతుంది. ఆయిలులో తేమ చేరి మడ్డి కడుతుంది.

విశ్వాసికి కోపమే రాకూడదని కొందరు అనుకుంటారు. మార్కు 3:5 చదవండి. ఊచచెయ్యి గలవాడు ఎదుట నిలిచి ఉండగా, అతన్ని బాగుచేయడానికి అడ్డుపడిన వారి హృదయ కాఠిన్యమునకు మన ప్రభువు దుఃఖపడి, కోపముతో వారిని చూశాడు. ఆ కోపం ఎవరినీ గాయపరచలేదు, ఒకని చేతిని బాగుచేసింది. అన్యాయమును చూచి కూడా ఏమాత్రం వేడెక్కని హృదయము చల్లబడిన ఇంజన్ వంటిది.

రెండవ పాఠం, ముల్లును చూడడం. కయీను ముఖము చిన్నబుచ్చుకున్నప్పుడు దేవుడు ఎప్పుడు మాట్లాడాడో గమనించారా? తమ్ముని చంపిన తరువాత మాత్రమే కాదు, అంతకు ముందే మాట్లాడాడు. నీకు కోపమెందుకని అడిగాడు. పాపము వాకిట పొంచియున్నదని హెచ్చరించాడు. ఆ ప్రశ్నే దేవుడు అతనికి చూపించిన ముల్లు. కయీను దాన్ని చూడకుండా పొలములోనికి వెళ్ళాడు.

నేనూ ఒకసారి చూడలేదు. 2016 మే నెలలో నంద్యాల నుండి గిద్దలూరు వైపు ఒక కూడికకు వెళ్తున్నాము. నాన్నగారి ఇంటి స్థలం పంపకం విషయంలో నాకూ మా తమ్మునికీ అప్పటికి రెండేళ్ళుగా మాటలు లేవు. ఆ ఉదయం తమ్ముడు ఫోను చేస్తే నేను ఎత్తలేదు. ఘాటు రోడ్డు ఎక్కుతున్నంతసేపూ వాడి మీదే సణుగుతున్నాను. నా భార్య, "ఏమండీ, ముల్లు ఎర్రగీత దాటింది, ఆపండి" అంది. "పైకి ఎక్కాక ఆపుతాలే" అని కసిరాను. పైకి ఎక్కనే లేదు. బానెట్ కింద నుండి ఆవిరి తన్నుకొచ్చింది, బండి ఆగిపోయింది.

గుడ్డ పట్టుకొని రేడియేటరు మూత తిప్పబోయాను. వెనక వచ్చిన లారీ డ్రైవరు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యగారూ, ముట్టుకోకండి, ముఖం కాలిపోద్ది!" అన్నాడు. ఆ మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది, అందుకే 100 డిగ్రీలు దాటినా నీళ్ళు మరగవు. మూత తీసిన క్షణంలో పొంగి మీద పడతాయి. "చన్నీళ్ళు కూడా పోయొద్దు, ఇనుము పగులుద్ది. గంటసేపు చెట్టు కింద కూర్చోండి" అన్నాడు. కోపించుటకు నిదానించమని యాకోబు పత్రిక 1:19 నేర్పేది ఇదే గదా! కాగుతున్నప్పుడు నోటి మూత తీయవద్దు.

గంట తరువాత ఇంజన్ చల్లారింది. అయితే బాగుపడిందా? లేదు. ఆ బండిని మరో బండికి తాడుతో కట్టి నంద్యాల తెచ్చాము. హెడ్ గాస్కెట్ పోయింది. మెకానిక్ రేడియేటరు విప్పి చూపించాడు. గొట్టాల్లో సగం గార పట్టి మూసుకుపోయాయి. "ఇది ఈ రోజుది కాదు అయ్యగారూ. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసీ పోసీ పేరుకుంది" అన్నాడు. నా భార్య నా వైపు చూసి, "మీ లోపల కూడా అంతేనండీ" అంది. ఆ ఒక్క మాట నాకు ఆ వారం ప్రసంగమంతా అయ్యింది.

ఇదే మూడవ పాఠం. చల్లారడం వేరు, శుద్ధి కావడం వేరు. నా కోపం రోజూ సాయంత్రానికి చల్లారేది. నేనేమో క్షమించేశానని అనుకునేవాణ్ణి. కాని ప్రతి రోజూ కొంచెం గార లోపల మిగిలిపోయేది. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టాలని, అపవాదికి చోటియ్యరాదని పౌలు ఎఫెసీ సంఘమునకు బోధించింది అందుకే. నీళ్ళు ఆగకుండా తిరగాలి, వేడి ఏ రోజుది ఆ రోజు బయటికి పోవాలి.

ఆ రాత్రి మోకరించి దేవుని సన్నిధిలో ఒప్పుకొని, తమ్మునికి ఫోను చేశాను. "ఒరేయ్, ఉదయం కావాలనే ఎత్తలేదు, నన్ను క్షమించు" అన్నాను. చాలాసేపు మాట లేదు. తరువాత, "అన్నం తిన్నావా అన్నా?" అని అడిగాడు. స్థలం విషయం తేలడానికి ఆ తరువాత చాలా కాలం పట్టింది. కాని ఆ సంవత్సరం క్రిస్మస్ నాడు రెండు కుటుంబాలం ఒకే చాపమీద కూర్చొని భోంచేశాము.

ప్రియ సహోదరీ, దెబ్బలు తింటూ మౌనంగా ఉండమని దేవుడు నీతో అనడం లేదు. నీకు అపాయము ఉంటే సహాయం అడుగు, సురక్షితమైన చోటికి వెళ్ళు. ప్రియ సహోదరుడా, నీ ఇంటివారు "ముల్లు ఎక్కింది" అని చెబితే కసరకు. దేవుడు వారి నోట నీతో మాట్లాడుతున్నాడేమో!

ఈ రాత్రి నిద్రపోకముందు ఒక్కసారి చూసుకోండి. మీ ముల్లు ఎక్కడ ఉంది? మీరు ఎత్తని ఫోను ఎవరిది?

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మా లోపల పేరుకున్నదానిని మాకు చూపించు. నీ కుమారుని రక్తముతో కడుగు. సూర్యుడు అస్తమించకముందే సమాధానపడే కృప మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.