ఈదీతో తీరని బాకీ
(రామంతాపూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రమజాన్ నెలలో మన నగరపు బజార్లు తెల్లవార్లూ వెలుగుతుంటాయి. ఆ వెలుగుల కింద పన్నెండేసి గంటలు నిలబడి పనిచేసేవారిలో మన బస్తీల బిడ్డలెందరో ఉన్నారు. పండుగ ముందు యజమాని ఈదీ చేతిలో పెడితే, లెక్క తీరిందనుకొని ఇల్లు చేరుతున్నారు. ఈదీ యజమాని ఔదార్యం. అదనపు గంటల వేతనం కార్మికుని హక్కు. ఒకదానితో మరొకటి చెల్లదు.

2025 రమజాన్‌లో, మార్చి 2 నుంచి 31 వరకు, దుకాణాలు రాత్రింబవళ్లు తెరిచి ఉంచడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది. అనుమతి సంగతి అందరికీ తెలిసింది. షరతు సంగతి కొందరికే తెలిసింది. రోజుకు 8 గంటలు లేదా వారానికి 48 గంటలు మించితే, అదనపు కాలానికి రెట్టింపు వేతనం చెల్లించాలి. ఇది కొత్త వరం కాదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోనే ఉన్నది.

లెక్క చూద్దాం. నెల జీతం 12,480 రూపాయలనుకుంటే, 26 పనిదినాలకు రోజుకు 480, గంటకు 60 రూపాయలు. అదనపు గంటకు 120. రోజుకు 4 అదనపు గంటల చొప్పున 26 రోజులకు 12,480 రూపాయలు. అంటే మరొక నెల జీతం! అన్ని గంటలు పనిచేయించడమే చట్టపు హద్దు దాటడం. అయినా చేసిన పనికి వేతనం పోదు.

ఇటువంటి బకాయితోనే ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. "ఎన్ని గంటలు చేశావు నాయనా?" అని అడిగితే, "గుర్తులేదు చాచా" అన్నాడు. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. కనుక వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఏ రోజుకారోజు నోటుపుస్తకంలో రాసుకోండి. యజమాని పంపిన వాట్సాప్ సందేశాలు భద్రపరచండి.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, బకాయి కోసం మూడేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. బకాయి చెల్లించామని నిరూపించవలసిన బాధ్యత యజమానిదే. ఒంటరిగా వెళ్లడానికి జంకేవారి తరఫున నమోదైన కార్మిక సంఘం కూడా దరఖాస్తు చేయవచ్చు.

చివరగా మన వ్యాపార సోదరులకు ఒక విన్నపం. రమజాన్‌లో జకాత్ లెక్కలు పైసా తప్పకుండా వేస్తారు. అదే రోజున పనివారి గంటల లెక్క కూడా చూడండి. మన దుకాణంలో మన బిడ్డకు పడిన బాకీని జకాత్ తీర్చదు, ఈదీ తీర్చదు. వేతనమే తీరుస్తుంది.